వసంత ఋతువులో మేడమీది మందుల తోట

చైత్ర వైశాఖ మాసములు వసంత ఋతువు. శిశిరములో చలికి శరీరమందు పేరుకొన్న కఫము ఈ రెండు మాసములలో సూర్యకిరణముల వేడికి కరగి, జఠరాగ్నిని మందగింపజేసి, అనేక రోగములకు కారణమగునని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయములోని ఋతుచర్యాధ్యాయమున వివరించినారు. జలుబు, దగ్గు, తలబరువు, నోటికి రుచి తెలియకపోవుట, భోజనము కాగానే కునుకు — ఫాల్గుణము చివరి నుండి నా వద్దకు వచ్చువారిలో ఎక్కువమంది చెప్పుకొను బాధలు ఇవే. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి వైపు నుండి వచ్చువారు వీటికి తోడు ధూళిని గురించి కూడా చెప్పుదురు. ఏ వీధిలో చూచినను ఏదో ఒక కట్టడము సాగుచుండు ప్రాంతమది. ఉదయము తుడిచిన బల్లపై సాయంత్రమునకు వ్రేలితో పేరు వ్రాయవచ్చును.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమగునాటికి ఆ చుట్టుపట్ల కనబడినవి బండరాళ్ళు, సీతాఫలపు పొదలు, చెరువులు. నేడు అక్కడ ఆకాశమునంటు నివాసములు లేచినవి. వాటిలో కాపురముండువారికి పెరడు లేదు. ఉన్నది బాల్కనీ, లేదా అందరికీ ఉమ్మడిగా ఉండు మేడపైభాగము. ఏటా ఉగాది దగ్గర పడగానే వారు నన్నడుగు ప్రశ్న ఒకటున్నది: "డాక్టరుగారూ, వసంతం వచ్చేసింది కదా, కుండీల్లో ఏ మందుమొక్కలు నాటమంటారు?"

"ఇప్పుడు నాటవద్దమ్మా" అనునది నా సమాధానము.

వసంతములో విత్తనము వేయుట మంచు కరగు దేశముల ఆచారము. అక్కడ నేల మెత్తబడి, పగలు పెరిగి, మొక్కకు ముందున్నవి చల్లని నెలలు. మన హైదరాబాదులో మార్చి మధ్యాహ్నములకే ఎండ 35 డిగ్రీలకు చేరును, ఏప్రిల్‌లో 38 దాటును, వానలు జూన్ వరకు రావు. అద్దాల భవనముల కెదురుగా ఉన్న పడమటి బాల్కనీలో ఈ వేడికి అద్దము నుండి తిరిగివచ్చు వేడి కూడా తోడగును. చైత్రములో నాటిన లేత మొక్క వైశాఖము దాటుట అరుదు. మనకు నాటు కాలము తొలకరి, ఆషాఢ శ్రావణములు. వసంతము మనకు కోయు కాలము, కాపాడు కాలము. చరక సంహిత కల్పస్థానములో చెప్పినదియు ఇదియే: లేత రెమ్మలు, ఆకులు వర్ష వసంతములలోను, వేళ్ళు గ్రీష్మ శిశిరములలోను, బెరడు, దుంప, పాలు శరత్తులోను, చేవ హేమంతములోను గ్రహించవలెను, పూలు, పండ్లు వాటి వాటి ఋతువులలో గ్రహించవలెను. కనుక కిందటి వానలలో నాటిన మొక్కలున్నవారికి ఈ రెండు నెలలు పంట కాలము. లేనివారు ఈ వ్యాసము చదివి కుండీలు సిద్ధము చేసికొనవచ్చును.

అడ్డసరము

బాల్కనీలో ఒక్క మొక్కకే చోటున్నదనువారికి నేను చెప్పునది అడ్డసరము. సంస్కృతములో వాసా. పశువు ముట్టదు, పురుగు పట్టదు, రెండు రోజులు నీరు పోయుట మరచినను చావదు. వానాకాలములో వ్రేలి లావు ముదురు కొమ్మను జానెడు కోసి గ్రుచ్చిన చాలును. మాఘ ఫాల్గుణములలో తెల్లని పూల వెన్నులు వేయును. ఆకు కఫమును కోసి బయటకు తెచ్చు గుణము కలది. అల్లోపతీ వైద్యులు దగ్గుకు వ్రాయు బ్రోమ్‌హెక్సిన్ అను ఔషధము ఈ ఆకులోని వాసిసిన్ అను పదార్థము ఆధారముగా తయారైనదేనని తెలిసిన పిమ్మట, అడ్డసరమును నాటుమందని తీసివేసినవారు కూడా దానిని గౌరవించుచున్నారు. మంచిదే.

ఈ ఆకును పచ్చిగా దంచి పిండిన రసము రాదు. శాస్త్రములో పుటపాక విధి చెప్పబడినది. ఆకు ముద్దను మరొక ఆకులో చుట్టి, మట్టి పూసి, నిప్పులలో కాల్చి, పిదప పిండవలెను. మేడమీది కాపురములో నిప్పులెక్కడ? ఇడ్లీపాత్ర ఉన్నది. పది పన్నెండు ముదురు ఆకులు కడిగి, ఇడ్లీ పళ్ళెములో పరచి, పది నిమిషములు ఆవిరి పట్టి, వేడిగా ఉండగనే రోటిలో నూరి బట్టలో వేసి పిండిన రసము సులువుగా దిగును. పెద్దలకు రెండు చెంచాలు, చల్లారిన తరువాత ఒక చెంచా తేనె కలిపి, ఉదయ సాయంత్రములు, మూడు నుండి ఐదు రోజులు. తేనెను వేడి వస్తువులో కలుపరాదు. గర్భిణులకు అడ్డసరము ఇవ్వరాదు. ఇది గర్భాశయమును సంకోచింపజేయును. ఐదేళ్ళలోపు పిల్లలకు ఇంటివారు స్వయముగా ఇచ్చుట నాకు సమ్మతము కాదు. దగ్గు రెండు వారములు దాటినను, కఫములో రక్తపు చారిక కనబడినను, ఆయాసము వచ్చినను ఆకుల కోసము వెదుకక ఛాతీ పరీక్ష చేయించుకొనవలెను. క్షయ నేటికీ మన మధ్యనే ఉన్నది. ఎత్తైన భవనములలో కూడా ఉన్నది.

ధూళి ప్రాంతములో ఒక నియమము. కోయబోవు ముందటి సాయంకాలము మొక్కను పైనుండి నీటితో కడుగవలెను, మరునాడు ఉదయము మంచు ఆరిన తరువాత కోయవలెను. కోసిన పిదప మరల రెండు నీళ్ళలో కడుగవలెను. పునాదులు త్రవ్వుచోట గాలిలో ఎగురునది మట్టి ఒక్కటియే కాదు, సిమెంటు కూడా.

కుండీలో పీకివేయు మందు

వసంతములో మామూలు నీటికి బదులు శొంఠి వేసి కాచిన నీరు, తేనె కలిపిన నీరు, లేదా తుంగముస్తలు వేసి కాచిన నీరు త్రాగుమని వాగ్భటుడు చెప్పినాడు. ఈ తుంగముస్తల కొరకు మూలికల దుకాణమునకు పోవువారు, అదే తుంగను తమ కుండీల నుండి వారమువారము పీకి చెత్తబుట్టలో వేయుదురు! మూడు పలకల కాడ, దాని క్రింద నల్లని చిన్న గడ్డలు, నలిపిన సుగంధము — ఇవి గుర్తులు. సువాసన లేని గడ్డ పనికిరాదు. పీకిన గడ్డలను కడిగి, వేళ్ళను కాల్చి తీసివేసి, నీడన ఎండబెట్టి ఉంచవలెను. లీటరు నీటికి నాలుగైదు గడ్డలు నలుగగొట్టి వేసి, ముప్పాతిక వంతు మిగులునట్లు కాచి వడకట్టి, పగలు దాహమునకు త్రాగవచ్చును. అజీర్ణము, నోటి అరుచి తగ్గును. మలబద్ధకము కలవారికి ఇది సరిపడదు. వారికి శొంఠినీరు మేలు.

తిప్పతీగ

ఇక్కడ కొంచెము నిలచి మాట్లాడవలసియున్నది. కరోనా వచ్చిన 2020 తరువాత తిప్పతీగ కషాయము ఇంటింటికీ కాఫీవలె అలవాటైనది. అమృతవల్లి అని పేరున్న ఓషధి కనుక ఎంత త్రాగినను మేలే అనుకొన్నారు. 2021లో ముంబయి వైద్యులు, తిప్పతీగ సేవించిన కొందరిలో కాలేయము దెబ్బతిన్నట్లు ప్రచురించినారు. కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ దానికి బదులుగా, గుడూచిని పోలిన మరొక తీగను పొరపాటున వాడుటవలన ఇట్లు జరిగియుండవచ్చునని చెప్పినది. వాదములో ఎవరి పాలు ఎంతయో అటుంచుదము. ఇంటివారికి రెండు సంగతులు ముఖ్యము: తీగ అసలుదా కాదా, త్రాగువారి కాలేయము ఎట్లున్నది.

కిందటి సంవత్సరము కొండాపూరు నుండి ఒక గృహిణి వచ్చినారు. వయస్సు యాభై దాటినది. ఆకలి లేదు, కళ్ళు పసుపు, ఒళ్ళంతా దురద. ఎనిమిది నెలలుగా ప్రతి ఉదయము తిప్పతీగ కషాయము త్రాగుచున్నారట. "తీగ ఏదమ్మా, తెచ్చినారా?" అంటిని. మరునాడు సంచిలో తెచ్చినారు. కాండము నిండా మొటిమలవంటి బొడిపెలు. గిల్లిన పాలవంటి స్రావము. "నర్సరీవాడు తిప్పతీగే అన్నాడండీ, చీటీ కూడా కట్టి ఇచ్చాడు" అన్నారామె. కషాయము ఆపించి, రక్తపరీక్షకును, కాలేయ వైద్యుని వద్దకును పంపితిని. వారి చికిత్సలో రెండు నెలలకు కోలుకొన్నారు.

అసలు తిప్పతీగ ఆకు హృదయాకారము, నున్ననిది. కాండముపై పలుచని కాగితము వంటి పొర గోటితో గీరిన ఊడివచ్చును, దాని లోపల ఆకుపచ్చగా ఉండును. అడ్డముగా కోసిన బండిచక్రపు ఆకులవలె గీతలు కనబడును. గిల్లిన పాలు కారవు. పండ్లు గుండ్రముగా గుత్తులుగా కాచి ఎర్రబడును. పోలిన తీగకు కాండమంతయు బొడిపెలుండును, పాలవంటి స్రావముండును, పండు కోలగా నారింజరంగులో ఉండును. అనుమానము కలిగినప్పుడు వాడరాదు. కొత్తగూడలో 270 ఎకరములకు పైబడిన కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ మీకు నడక దూరములోనే ఉన్నది. ఆదివారము ఉదయము పిల్లలను వెంటబెట్టుకొని పోయి, చెట్టు చెట్టు దగ్గర నిలచి ఆకును, బెరడును, పూతను పోల్చి చూచు అలవాటు చేసికొనుడు. కంటికి అభ్యాసము కావలెను. అక్కడ ఆకు మాత్రము త్రుంపరాదు.

అసలు తీగ ఐనను బొటనవ్రేలి పొడవు ముక్క ఒకటి, ఒకరికి, ఒక పూటకు చాలును. దంచి, రెండు గ్లాసుల నీటిలో వేసి అరగ్లాసు మిగులునట్లు కాచవలెను. జ్వరశేషమునకు, అరుచికి వైద్యుడు చెప్పిన రోజులు మాత్రమే, సాధారణముగా రెండు మూడు వారములకు మించరాదు. కాలేయ వ్యాధి ఉన్నవారు, కీళ్ళవాతము, థైరాయిడు వంటి వాటిలో శరీరమే తనపై తాను తిరుగబడు వ్యాధులున్నవారు, చక్కెరవ్యాధికి మాత్రలు వాడువారు తమంత తాము మొదలుపెట్టరాదు.

వేపపువ్వు

ఉగాదినాటి పచ్చడిలో వేపపువ్వు ఎందుకని పిల్లలు అడిగిన, చేదు కఫమును అణచును, ఈ ఋతువులో ప్రకోపించునది కఫమే అని చెప్పవచ్చును. కాని ఒక్కరోజు చెంచాడు పచ్చడితో వైద్యము పూర్తి కాదు. పూత ఉన్నన్నాళ్ళు పువ్వును కూర్చుకొని వాడవలెను. తెల్లవారుజామున చెట్టు క్రింద పాత చీర పరచిన రాలిన పువ్వు దానంతటదే చేరును; కొమ్మ విరువనక్కరలేదు. పుల్లలు ఏరి, నీడన మూడు నాలుగు రోజులు ఎండబెట్టి గాజుసీసాలో పోసికొనవలెను. అవసరమైనప్పుడు అరచెంచా పువ్వును నేతిలో దోరగా వేయించి, ఉప్పు వేసి, మొదటి ముద్దలో కలుపుకొని తినవలెను. చారులో పోపుగా వేసినను మంచిదే. గర్భిణులు ఉగాది పచ్చడితో ఆగిపోవలెను. వేపనూనె మాత్రము పసిపిల్లలకు నోటిద్వారా చుక్కైనను ఇవ్వరాదు, ప్రాణాపాయము.

ఇప్పుడు వేపకే వ్యాధి వచ్చినది. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మల చివరలు మాడి, చెట్లు నిప్పంటుకొన్నట్లు గోధుమరంగుకు మారినవి. ఫోమాప్సిస్ అను శిలీంధ్రము, దానికి తోడు టీ దోమ అను రసము పీల్చు పురుగు ఇందుకు కారణమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు తేల్చినారు. ఆ తరువాతి సంవత్సరములలోను అక్కడక్కడ ఈ తెగులు కనబడినది. చాల చెట్లు వసంతములో మరల చిగుర్చినవి కనుక ఎండినదని తొందరపడి చెట్టును నరికించవద్దు. అయితే తెగులు నివారణకు చెట్లపై శిలీంధ్రనాశక మందులు చల్లుట, మొదట్లో పోయుట కలదు. మీ కాలనీలోని చెట్టుకు మందు కొట్టించినారా అని సంఘమువారిని అడిగి తెలిసికొని గాని పువ్వు ఏరుకొనరాదు. కొట్టించియుండిన ఆ ఏటి పువ్వు వదలివేయవలెను. రోడ్డు ప్రక్క చెట్టు పువ్వు కంటె లోపలి చెట్టు పువ్వు మేలు.

కొన్ని పూలు

మల్లె: జనవరిలో ఆకు దూసి కొమ్మలు కత్తిరించినవారికి ఇప్పుడు పూలే పూలు. తలలో పెట్టుకొనుటయే దాని ప్రధాన వైద్యమని నేను నవ్వుచు చెప్పుదును. వేసవిలో నిద్రపట్టనివారికి తలగడ దగ్గర దోసెడు మల్లెలు చాలును. బిడ్డ పోయిన తల్లికి పాలు ఆగుటకు మల్లెపూలు రొమ్ములపై కట్టుట మన ఇండ్లలో పాత వాడుక. 1988లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు దీనిని పరీక్షించి, పాలు ఆపు మాత్రలతో పోల్చదగిన ఫలితము చూచినారు. బిడ్డకు పాలిచ్చు తల్లి మాత్రము పూలను రొమ్ములపై కట్టుకొనరాదు.

గులాబి: వాసనగల నాటు గులాబి కావలెను. అంగడిలో పొడవాటి కాడతో అమ్ము పూవు పనికిరాదు. దానిపై మందులు చల్లుదురు. రేకులు ఒక పాలు, పటికబెల్లపు పొడి రెండు పాళ్ళు తూచి, గాజు జాడీలో పొరలు పొరలుగా వేసి, పలుచని బట్ట కట్టి, ప్రతిదినము ఎండలో పెట్టి రాత్రి లోపలికి తీసికొనుచు మూడు వారములుంచిన గుల్కందు తయారగును. చైత్రములో చేయుడు గాని చైత్రములో తినకుడు. తీపి ఇప్పుడు కఫమును పెంచును. జ్యేష్ఠములో ఎండ ముదిరి పిత్తము, మంట బాధించునప్పుడు రోజుకొక చెంచా. చక్కెరవ్యాధి ఉన్నవారికి ఇది తగదు.

మందారము: ఒంటిరెక్క ఎర్రమందారపు ఆకు, పువ్వు నూరి తలకు పట్టించుట అందరికీ తెలిసినదే. గర్భము కోరువారు, గర్భిణులు ఆ పూల కషాయము త్రాగరాదు. అంగళ్ళలో మందారపు టీ అని అమ్మునది మన మందారము కాదు, ఎర్రగోంగూర పువ్వు క్రింద ఉండు పుల్లని రక్షకపత్రము! ఎండలు ముదురగానే మందారమునకు పిండినల్లి పట్టును. కుంకుడుకాయల రసములో కొంచెము వేపనూనె గిలకొట్టి, నీటితో పలుచన చేసి సాయంత్రము చల్లవలెను.

మోదుగ కుండీలో పెరుగదు. వికారాబాదు వైపు పోయినప్పుడు అడవిలో నిప్పులు పోసినట్లు కనబడునది అదియే. రాలిన పూలు ఏరి తెచ్చి, నీటిలో నానబెట్టి హోళీకి రంగు తీసికొనుడు. రసాయనపు రంగులతో ఒళ్ళు పగిలి వచ్చు పిల్లల సంఖ్య తగ్గును.

వావిలి, తులసి, వామాకు, నిమ్మగడ్డి గురించి వేరుగా చెప్పనక్కరలేదు. తలబరువుకు వావిలాకు ఆవిరి కంటె మంచిది నేనెరుగను. తులసి రోజుకు నాలుగైదాకులు. రక్తము పలుచనగుటకు మాత్రలు వాడువారు వైద్యునికి చెప్పి వాడవలెను.

పూచినదెల్ల మందు కాదు

గన్నేరును శాస్త్రము ఉపవిషములలో చేర్చినది. ఎర్రగన్నేరు, తెల్లగన్నేరు, పచ్చగన్నేరు — వేరు, ఆకు, గింజ, అన్నియు గుండెను ఆపగల విషములే. నీరు తక్కువైనను పూచునని రహదారుల నడుమ వీటిని వరుసలుగా పెంచుదురు. పూజకు కోయుట వరకు సరే. చిన్నపిల్లలున్న ఇంటి బాల్కనీలో పెంచరాదు. పచ్చగన్నేరు కాయను పిల్లవాడు నమలిన, వాంతి చేయించుచు ఇంట కాలహరణము చేయక, కాయను చేతబట్టుకొని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలెను.

బిళ్ళగన్నేరు విషయము వేరు. చక్కెరవ్యాధికి ఉదయమే దాని ఆకులు నమలువారు నడకదారిలో కనీసము ఇద్దరైనను మీకు తటస్థపడుదురు. 1950ల దశకములో కెనడాలోని శాస్త్రజ్ఞులు ఆ గుణమునే పరీక్షింపబోయి, చక్కెర తగ్గకపోగా రక్తములోని తెల్లకణములు పడిపోవుట గమనించినారు. ఆ దారిలోనే పుట్టినవి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అను కాన్సరు మందులు. కాన్సరు వైద్యుడు కొలిచి నరములోకి ఎక్కించు పదార్థమును మనము ఆకులు లెక్కపెట్టి నమలుట ఎంతమాత్రము తగదు. మొక్కను పూలకొరకు ఉంచుకొనుడు.

మట్టి, నీరు

ఓషధులను శ్మశానము, పుట్ట, దారి, మురికిచోటు వంటి స్థలముల నుండి తీయరాదని ప్రాచీనులు నియమించినారు. ఇప్పటికి దానికి కట్టడముల మట్టిని కూడా కలుపవలెను. పునాదులు త్రవ్వి పోసిన కుప్పలో సున్నము, సిమెంటు, రంగులు కలసియుండును. ఊరి బయట పొలము నుండి వచ్చిన ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక లేదా కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపి, పన్నెండు అంగుళముల కుండీలు నింపుడు. నీరు ఉదయమే పోయవలెను. ట్యాంకరు నీటివలన, బోరునీటివలన కుండీ అంచున తెల్లని పొర కట్టుచుండిన ఆ నీటిలో లవణము ఎక్కువ అని గుర్తు. నీటిశుద్ధి యంత్రము విడుచు నీటిలో లవణము మరింత ఎక్కువ. దానిని నేల కడుగుటకే వాడుడు. ఏసీ నుండి కారు నీటిలో ఉప్పు ఉండదు, పూలమొక్కలకు పోయవచ్చును. తినెడి ఆకులకు పోయకుండుట మేలు.

ఏప్రిల్ రెండవ వారము నుండి పడమటి బాల్కనీకి ఆకుపచ్చని నీడవల కట్టి, కుండీలను గోడ నుండి జానెడు ఎడముగా జరిపి, ఒకదానికొకటి ఆనునట్లు గుంపుగా పెట్టవలెను. మట్టిపై ఎండుటాకులు పరచవలెను. అడ్డసరము, వావిలి కొమ్మలను ఇప్పుడు కత్తిరించిన ముక్కలు వాడిపోవును. మృగశిర కార్తె వరకు ఆగి, రెండు మంచి వానలు పడిన తరువాత తీయుడు.